బీడీ కార్డు చదవగలిగే డిగ్రీ
(సోలాపూర్‌లోని బీడీ కార్మికుల వాడ విడీ ఘర్కుల్‌లో ఇచ్చిన స్మారకోపన్యాసం, అచ్చు ప్రతి)



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆయన్ని ఈ వాడంతా గురూజీ అనే పిలిచింది. తన పేరు ఫలకం మీదా, కరపత్రం మీదా వేయొద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పి వెళ్లారు. నేనూ గురూజీ అనే అంటాను. పొద్దున బడిలో మరాఠీలో లెక్కలు చెప్పేవారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఆడవాళ్లు తెలుగులో చెప్పుకున్న కష్టాన్ని మరాఠీ అర్జీగా రాసిపెట్టేవారు. కలం తీసేముందు మూడు సంగతులు అడిగేవారు. నీకు రావాల్సిందేమిటి, ఇవ్వాల్సింది ఎవరు, ఏ కాగితం దగ్గర ఆగింది? జవాబు తేలేదాకా ఒక్క అక్షరం రాసేవారు కాదు. నేను కాలేజీలో సిస్టమ్స్ అనాలిసిస్ అనే పేరుతో ఒక సెమిస్టరంతా చెప్పే పాఠానికి ఆ మూడు ప్రశ్నలే ప్రాణం. అందుకే ఈ ఏడాది ఉపన్యాసానికి సమాచార వ్యవస్థల డిగ్రీ చదువు ఎలా ఉండాలి అన్న విషయం ఎంచుకున్నాను.

కంప్యూటర్ సైన్స్ యంత్రం గురించీ, లెక్కించే పద్ధతి గురించీ ఆలోచిస్తుంది. సమాచార వ్యవస్థల చదువుకు గురి వేరు. మనుషులు కలిసి పనిచేసే చోట ఒక లెక్క ఎలా పుడుతుంది, ఎవరి చేతుల గుండా పోతుంది, ఎవరు దాన్ని నమ్మి నిర్ణయం తీసుకుంటారు, అది తప్పితే నష్టం ఎవరికి అని అది అడుగుతుంది. మన దేశంలో డిగ్రీ స్థాయిలో ఈ చదువుకు సొంత పేరు దొరకడం అరుదు. ఎక్కువగా బి.సి.ఎ. అనే పేరు కింద, కొంత కామర్స్‌లో, కొంత మన సోలాపూర్ పిల్లలు ఇ.సి.ఎస్. అని పిలుచుకునే బి.ఎస్సీ. ఎంటైర్ కంప్యూటర్ సైన్స్‌లో చెదిరి ఉంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ డిగ్రీ సిలబస్ ఎవరి పేరు మీద రికార్డు ఉందో ఆ మనిషి దగ్గర మొదలు కావాలి. మొదటి సెమిస్టర్‌లో మొదలై చివరి పరీక్ష దాకా ఆ మనిషి ఎదురుగా ఉండాలి. అలాంటి చదువు చెప్పడానికి సోలాపూర్‌లో విడీ ఘర్కుల్‌ను మించిన చోటు నాకు తెలియదు.

ఎందుకంటారా? కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి మన ముత్తాతలు మగ్గం పని వెతుక్కుంటూ ఈ ఊరికి వచ్చారు. 1870ల్లో మొదలైన జూనీ గిర్నీ, దాని వెనుక వచ్చిన మిల్లులు, మిల్లులు మూతబడ్డాక పవర్‌లూమ్ కార్ఖానాలు మగవాళ్లకు పని ఇచ్చాయి. ఆడవాళ్లు ఇంట్లో బీడీలు చుట్టారు. ఇక్కడి చద్దర్ దుప్పటికి, టెర్రీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఈ ఊరి పేరు దేశమంతా తెలుసు. ఆ చద్దర్ నేసినవాడి ఇంటి ఖర్చులో సగం బీడీ కార్డు మీద నడిచిన సంగతి మాత్రం ఇక్కడివాళ్లకే తెలుసు. చట్టాలు, లెక్కలు, కార్డులు, సంఘాలు, కోర్టు తీర్పులు అన్నీ ఈ ఇళ్ల గడప దాటి వచ్చినవే.

ఒక అక్క పని చూద్దాం. బీడీ కంపెనీ బ్రాంచిలో ఆకు, తంబాకు, దారం తూకం వేసి ఇస్తారు. ఇంటికి తెచ్చి ఆకు తడిపి, కొలతకు కత్తిరించి, చుట్టి, దారం కట్టి, కట్టలు చేసి తిరిగి బ్రాంచికి అప్పజెబుతుంది. అక్కడ చూసేవాడు కొన్ని బీడీలు పక్కకు తీసేస్తాడు. మిగిలిన లెక్క ఆమె బీడీ కార్డు మీద పడుతుంది. పక్కకు తీసేసిన బీడీలను చాట్ అంటారు. ఆ చాట్ మీద ఈ ఊళ్లో జరిగినన్ని తగాదాలు కూలి రేటు మీద కూడా జరగలేదేమో. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. దాని కింద రాష్ట్రాలు చేసిన నియమాలు చాట్‌కు పరిమితి పెట్టాయి. కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1974లో కోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ఇంట్లో కూర్చుని చుట్టే మనిషి కూడా కార్మికురాలే అన్న మాట నిలబడింది.

ఇప్పుడు బి.సి.ఎ. రెండో ఏడాది పిల్లవాడికి ఈ పని ఇచ్చి డేటాబేస్ గీయమంటే ఏం గీస్తాడు? తేదీ, కార్డు నంబరు, ఇచ్చిన ఆకు, తెచ్చిన బీడీలు, ఒప్పుకున్న బీడీలు, కూలి. నీటుగా ఉంటుంది, మార్కులూ పడతాయి. అందులో ఎన్ని బీడీలు తీసేశారన్న గడి లేదు. ఎందుకు తీసేశారు, ఎవరు తీసేశారు అన్న గడులు అసలే లేవు. ఆ గడులు లేని పట్టిక బ్రాంచిలో నడిచిందంటే, చాట్‌కు పరిమితి ఉందని చెప్పే నియమం కాగితం మీద బతికి ఉన్నా పనిలో చచ్చిపోయినట్టే. తీసేసిన లెక్క ఎక్కడా లేనప్పుడు పరిమితి దాటిందని ఎవరు రుజువు చేస్తారు? పట్టికలో ఏ గడి ఉండాలన్నది హక్కుల ప్రశ్న అని పిల్లవాడికి ఒక్కసారి తెలిసిందంటే ఇక మరిచిపోడు. పట్టికలను సరిగా విడగొట్టే నార్మలైజేషన్ నియమాలు తర్వాత చెప్పినా చక్కగా ఎక్కుతాయి.

ఇక పేరు సంగతి. లక్ష్మి అనే ఆవిడ ఉందనుకోండి. పుట్టింట్లో తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. మరాఠీ బడిలో తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. పెళ్లయ్యాక తండ్రి పేరు పోయి భర్త పేరు వచ్చింది, ఇంటిపేరు మారింది. బీడీ కార్డు రాసినాయన మర్యాదకు లక్ష్మీబాయి అని రాశాడు. ఇంగ్లీషులోకి ఎక్కించిన ఆపరేటర్ ఒక అక్షరం ఎక్కువ కొట్టాడు. పుట్టినతేదీ జూన్ 1. మహారాష్ట్రలో ఆ తేదీన పుట్టినవారు లెక్కలేనంతమంది. పిల్లను బడిలో వేసినరోజు మాస్టారు అందాజుగా రాసిన తేదీ అది. బీడీ పరిశ్రమకు ప్రావిడెంట్ ఫండ్ (పి.ఎఫ్.) 1977లో వర్తించింది. 2014లో పి.ఎఫ్. సభ్యులకు యు.ఎ.ఎన్. అనే నంబరు వచ్చింది, తర్వాత ఆధార్‌తో జత కలపమన్నారు. అప్పటికి లక్ష్మి ఒక్కతే మనిషి, కాగితాల్లో మాత్రం నలుగురు. యాభై ఎనిమిది నిండితే పింఛను రావాలి. కానీ ఏ కాగితం ప్రకారం యాభై ఎనిమిది?

ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అని మూడు గడులు గీసి వదిలేసే పుస్తకాలతో మన పిల్లలు చదువుకుంటున్నారు. ఆ మూడు గడులు తమ అమ్మమ్మ పేరుకే సరిపోవని వాళ్లకు ఇంటి అనుభవంలో తెలుసు. ఆ తెలివిని క్లాసు గదిలోకి తెచ్చే అవకాశం సిలబస్ ఇవ్వడం లేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. సర్వీస్ రికార్డులో ఒక మనిషికి కాలక్రమంలో ఎన్ని పేర్లు ఉండొచ్చు, ఏ పేరు ఎప్పటి నుంచి చెల్లుతుంది, ఖచ్చితమైన తేదీకీ అందాజు తేదీకీ తేడా ఎలా నమోదు చేయాలి అన్నవి డేటా మేనేజ్‌మెంట్‌లో చిన్న ప్రశ్నలు కావు. పెద్ద బ్యాంకులు, బీమా కంపెనీలు వీటి మీద ఏళ్లకేళ్లు పనిచేస్తాయి. మన పిల్లలకు అవి ఇంట్లోనే దొరుకుతున్నాయి.

సిరిసిల్లలో, నిజామాబాద్‌లో ఉన్న మన చుట్టాల సంగతి వేరే రకం. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలుపెట్టి, 2019లో 2,016 రూపాయలు చేసింది. దానికి పి.ఎఫ్. ఖాతా ఉండాలన్న షరతు పెట్టింది. ఒక అవసరం కోసం పుట్టిన రికార్డు ఇంకో అవసరానికి తలుపు తాళంచెవి అయింది. చేసిన పని ఒకటే అయినా ఖాతా తెరవనివాళ్లు బయట నిలబడ్డారు. పిల్లలు తాము కట్టే పట్టికను రేపు ఎవరు ఏ పనికి వాడతారో ఊహించడం కూడా పాఠమే.

వేళ్ల సంగతి చెప్పి ముందుకు వెళతాను. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. పింఛనుదారు బతికి ఉన్నట్టు ఎక్కువగా వేలిముద్రతో చెప్పే ఏర్పాటు. ముప్పై నలభై ఏళ్లు ఆకూ దారంతో పనిచేసిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. మిషన్ ఒప్పుకోదు. ముఖం చూసి గుర్తించే పద్ధతి 2021 చివరలో వచ్చింది. మధ్యలో ఏడేళ్లు గడిచాయి. పథకం గీసినరోజే ఈ వేళ్లను ఎవరైనా చూసి ఉంటే అంత సులువైన దారి మొదటిరోజే ఉండేది కదా. యంత్రం కాదన్నప్పుడు మనిషి ఏ కిటికీకి వెళ్లాలి, అక్కడ కూర్చున్నవాడికి అవునని చెప్పే అధికారం ఉందా అని ప్రతి ప్రాజెక్టులోనూ పిల్లలను అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు లేని ప్రాజెక్టును నేను పాస్ చేయను.

ఇదంతా సోలాపూర్‌లో కూర్చుని నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఈ చదువుకు అర్ధశతాబ్దం దాటిన చరిత్ర ఉంది. అమెరికాలో ఏ.సి.ఎం. అనే కంప్యూటర్ వృత్తి సంఘం 1972లో పీజీ స్థాయికీ, 1973 డిసెంబరులో డిగ్రీ స్థాయికీ సమాచార వ్యవస్థల సిలబస్ సిఫారసులు ప్రచురించింది. డిగ్రీ నివేదికకు సంపాదకుడు డేనియల్ కూగర్. తర్వాత 1982లో, 1997లో, 2002లో, 2010లో, 2020లో దాన్ని తిరగరాశారు. ఆ తిరగరాతల్లో మనకు పనికొచ్చే ఒక గొడవ ఉంది. 2010 నమూనా ఏడు ముఖ్య కోర్సులు పెట్టి, ప్రోగ్రామింగ్‌ను తప్పనిసరి జాబితాలోంచి తీసేసింది. సంస్థ, వ్యూహం, ప్రాజెక్టు నిర్వహణ వైపు మొగ్గింది. చాలామంది అధ్యాపకులు ఒప్పుకోలేదు. 2020 నమూనాలో ప్రోగ్రామింగ్ మళ్లీ తప్పనిసరి అయింది. కోర్సుల పేర్లు ఏకరువు పెట్టడం మాని, పట్టభద్రుడు ఏ పని చేయగలగాలి అని అడగడం కూడా అప్పుడే స్థిరపడింది. జ్ఞానం, నేర్పు, వాటితోపాటు మనిషి నడవడి కూడా లెక్కలోకి వచ్చింది.

2010లో వాళ్లు ప్రోగ్రామింగ్ వదిలి సంస్థను పట్టుకున్నారు, మనం సంస్థను వదిలి ప్రోగ్రామింగ్‌ను పట్టుకున్నాం. సి, సి++, జావా, పి.హెచ్.పి., ఇప్పుడు పైథాన్. మధ్యలో ఎక్కడో ఒక సిస్టమ్స్ అనాలిసిస్ పేపరు. ఆ పేపరులో గీసేది లైబ్రరీ బొమ్మ. చివరి ఏడాది ప్రాజెక్టు పేరు లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, లేదా హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. సీనియర్ల ప్రాజెక్టు జూనియర్లకు, వాళ్ల నుంచి ఇంకో కాలేజీకి. పేజీలు మారవు, అట్ట మీద పేరు మారుతుంది. పిల్లలది తప్పని నేను అనను. ఆ ప్రాజెక్టు వెనుక మనిషి లేడు. ఎవరి కష్టమూ తీరని పనికి ఎవరు మనసు పెడతారు?

ప్రోగ్రామింగ్ ఉండాలన్నదే నా పట్టుదల. పుణె కంపెనీ గేటు దగ్గర మన పిల్లకు చేతిలో ఉండేది ఆ ఒక్క విద్యే. అదీగాక, తానే రాయలేనివాడు వ్యవస్థ ఎక్కడ విరిగిందో చూడలేడు. ఏది ముందు ఏది వెనుక అన్నదానిలోనే నాకు పేచీ.

కార్మికులకూ ఈ చదువుకూ ఏం సంబంధం అని అడిగేవారికి నార్వే సంగతి చెప్పాలి. క్రిస్టెన్ నీగార్డ్ అనే ఆయన, ఓలే-యోహాన్ డాల్‌తో కలిసి సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. ఈరోజు జావా చదువుతున్న ప్రతి పిల్లా క్లాస్, ఆబ్జెక్ట్ అంటున్నదంటే ఆ మాటలకు మూలం అక్కడుంది. వాళ్లిద్దరికీ 2001 ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఆ నీగార్డే 1970ల మొదట్లో నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశారు. ఫ్యాక్టరీల్లోకి కంప్యూటర్లు వస్తున్నప్పుడు అవి ఏ లెక్క కడతాయో కార్మికులకు తెలియాలి, వ్యవస్థ గీసేటప్పుడు వాళ్ల మాట ఉండాలి అని ఆ పని. అక్కడి కంపెనీలకూ సంఘాలకూ మధ్య డేటా ఒప్పందాలు ఆ దారిలో వచ్చినవే. కార్మికులతో కలిసి డిజైన్ చేసే పద్ధతి యూరప్ విశ్వవిద్యాలయాల్లో ఒక పాఠంగా నిలిచింది. మన దగ్గర సంఘాలకు అంతకన్నా తక్కువ చరిత్ర ఉందా? ఇక్కడి బీడీ కార్మిక మహిళలు సంఘంగా నిలబడి, నర్సయ్య ఆడం వంటి నాయకుల వెనుక నడిచి, కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరున పదివేల ఇళ్లు సాధించారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళంచెవులు ఇచ్చారు. పదివేల మంది అర్హుల జాబితా, వాయిదాలు, బ్యాంకు అప్పులు, కేటాయింపులు చూసుకున్న ఆ ఆడవాళ్లలో ఎందరో సంతకం కూడా కష్టంగా పెట్టేవాళ్లు. 2024 జనవరిలో రాయ్‌నగర్‌లో ఇంకో పదిహేను వేల ఇళ్లు ఇచ్చారు. మా సిలబస్‌లో కేస్ స్టడీ అంటే అమెరికా సూపర్ బజారు. పదిహేను వేల ఇళ్ల జాబితా ఎలా తయారైందో మా పిల్లలు ఒక్క గంట కూడా చదవరు.

మరి ఏం చేయాలి? కొత్త డిగ్రీ అక్కర్లేదు. ఉన్న గదుల్లో సామాను సర్దితే చాలు. 2024-25 నుంచి బి.సి.ఎ. సాంకేతిక విద్యా మండలి ఏ.ఐ.సి.టి.ఇ. కిందికి వచ్చింది, నమూనా సిలబస్ వచ్చింది, చేరడానికి సి.ఇ.టి. ప్రవేశ పరీక్ష వచ్చింది. అదే ఏడాది నుంచి మన రాష్ట్రంలో అనుబంధ కాలేజీలన్నిటిలో కొత్త విద్యావిధానం నడుస్తోంది. అందులో ఫీల్డ్ ప్రాజెక్టు, సమాజంతో కలిసి చేసే ప్రాజెక్టు, ఆన్ ది జాబ్ ట్రైనింగ్ అని క్రెడిట్లున్న చోట్లు ఉన్నాయి. చాలాచోట్ల వీటిని ఒక సర్టిఫికెట్‌తో, నాలుగు ఫొటోలతో నింపేస్తున్నారు. నా ప్రతిపాదనకు ఆ చోట్లు చాలు.

మొదటి సెమిస్టర్‌లో కోడ్‌తోపాటు ఒక ఇంటి కాగితాలు చదవాలి. సొంత ఇల్లయినా సరే. బీడీ కార్డు, పి.ఎఫ్. పాస్‌బుక్, కార్ఖానా పగార్ చీటీ, రేషన్ కార్డు, కరెంటు బిల్లు. ఏ కాగితం ఎవరు పుట్టించారు, ఏ రెండు ఒకదానితో ఒకటి పొసగడం లేదు అని రాసుకురావాలి. తెలుగులో మాట్లాడి, మరాఠీలో నోట్సు రాసి, ఇంగ్లీషులో బొమ్మ గీసినా ఫర్వాలేదు. మూడు భాషల్లో పని నడిపే శక్తి మన పిల్లలకు పుట్టుకతో వచ్చింది, దాన్ని లోపంగా చూడడం మాని మార్కులివ్వాలి. రెండో ఏడాది డేటాబేస్ పాఠం ఆ కాగితాల మీదే నడవాలి. పవర్‌లూమ్ కార్ఖానాలో షిఫ్టు, మీటర్లు, ముక్కలు, బాకీ లెక్క ఎలా ఉందో ఇంకో జట్టు చూడొచ్చు. ఎంటర్‌ప్రైజ్ వ్యవస్థల పాఠానికి అంతకంటే మంచి ముడిసరుకు ఏముంటుంది?

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఆధార్ నంబర్లు, ఖాతా నంబర్లు పిల్లల ల్యాప్‌టాపుల్లోకి రాకూడదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. సమ్మతి అంటే ఏమిటో ఆ చట్టం పేజీల్లో కంటే, అక్క ముందు కూర్చుని ఈ కాగితం నేను ఎందుకు చూస్తున్నానో ఆమె భాషలో చెప్పడంలో బాగా నేర్చుకుంటారు. ఆమె వద్దంటే లేచి రావాలి. అలా లేచి వచ్చినందుకు మార్కులు తగ్గకూడదు.

ఉద్యోగాల మాట తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. ఇక్కడ కూర్చున్న తల్లి రోజుకు వెయ్యి బీడీలు చుట్టి ఫీజు కట్టేది బిడ్డ వేళ్లు అలా కాకూడదనే. కంపెనీలు భాషల పేర్లు అడుగుతాయి, నిజమే. అయితే కోడ్ రాసే పనిలో పెద్ద భాగం ఇప్పుడు యంత్రమే చేస్తున్న కాలం వచ్చింది. ఏం కట్టాలో, ఎవరికి కట్టాలో, ఎక్కడ విరుగుతుందో చెప్పగలిగినవాళ్ల అవసరం తగ్గలేదు. పేర్లు పొసగని రికార్డును మూలం దాకా వెంటాడిన పిల్ల బీమా కంపెనీలోనూ, ఆస్పత్రిలోనూ, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ఆ పని చేయగలదు. లైబ్రరీ ప్రాజెక్టు కాపీ చేసిన పిల్ల ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోవడం మేం ఏటా చూస్తున్నాం.

చివరి ఏడాది పరీక్ష గురించి నా కోరిక చెబుతాను. ప్రాజెక్టు వైవాకు బయటి పరీక్షకుడితో పాటు, ఎవరి కాగితాల మీద ఆ పని జరిగిందో ఆ కార్మికురాలిని కూడా కూర్చోబెట్టాలి. పిల్ల తాను చేసింది ఆమెకు తెలుగులో వివరించాలి. ఆమె ప్రశ్న అడగాలి. ఆమె ప్రశ్నకు వచ్చిన జవాబుకూ మార్కులు ఉండాలి. విశ్వవిద్యాలయం మార్కుల్లో కాకపోయినా కాలేజీ అంతర్గత మార్కుల్లో ఇది రేపటి నుంచే చేయొచ్చు.

ఈ సభ నడిపే పెద్దలకు ఒక విన్నపం. ఆన్ ది జాబ్ ట్రైనింగ్ కోసం మగపిల్లలు పుణె వెళ్లి గది అద్దెకు తీసుకుంటున్నారు. ఆడపిల్లల్లో చాలామందిని ఇంట్లో పంపరు, పంపినా అద్దె కట్టలేరు. వాళ్లు ఏదో ఒక షాపు నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుని ఆ క్రెడిట్లు గట్టెక్కిస్తున్నారు. గురూజీ పేరున ఉన్న నిధి వడ్డీలోంచి ఏటా కొందరు అమ్మాయిలకు ఆ నెలల ఖర్చు ఇవ్వండి. వాళ్లు ఈ వాడలోనే, కార్మిక సంఘం ఆఫీసులోనో, పి.ఎఫ్. అర్జీలు చూసే చోటనో ఆ ట్రైనింగ్ చేస్తారు. రోజువారీ పని చూసి సంతకం పెట్టే బాధ్యత మా కాలేజీ అధ్యాపకులం తీసుకుంటాం. మొదటి జట్టు జాబితా వచ్చే జూన్‌లోగా మీ చేతికి ఇస్తాను.